రో హౌసు కొనాలా, ఫ్లాటు కొనాలా: ముందు షెడ్యూలు పేజీ చూపించండి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను. తప్పుంటే సరిదిద్దండి. మీరిద్దరూ ఉద్యోగస్తులు, బెంగళూరు మారతహళ్ళిలో 48,000 అద్దెకు ఉంటున్నారు. సర్జాపుర రోడ్డులో దొమ్మసంద్ర దాటాక, ఎకరం 10 గుంటల్లో గోడకు గోడ ఆనించి వరుసగా కడుతున్న 36 రో హౌసుల్లో ఒకటి నచ్చింది. మూడు అంతస్తులు, 1,950 చదరపు అడుగులు, భూమి 900 చదరపు అడుగులు, తూర్పు ముఖం, ధర కోటీ 65 లక్షలు. ఇంచుమించు అదే డబ్బుకు వర్తూరు వైపు ఏడో అంతస్తులో మూడు పడకగదుల ఫ్లాటు వస్తోంది. చేతిలో 45 లక్షలున్నాయి. నంద్యాల నుంచి మీ అత్తగారు, మామగారు వచ్చి ఏడాదిలో ఆరు నెలలు మీ దగ్గరే ఉంటారు. పాపకు నాలుగేళ్ళు. ఓసీ, అంటే ఇంట్లో కాపురం ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం, నెల రోజుల్లో వచ్చేస్తుందని, ఈ ఆదివారంలోగా 25 లక్షలు కట్టి ఇల్లు పట్టి పెట్టుకోమని బిల్డరు తరఫు మనిషి తొందర పెడుతున్నాడు. "నేలమీది ఇల్లు, కళ్ళు మూసుకుని కొనేయండి" అని మీ అన్నయ్యగారు అంటున్నారు.

నేను సివిల్ ఇంజినీరును. పదిహేడేళ్ళుగా ఇంటి రుణాలిచ్చే బ్యాంకులకు ఆస్తుల విలువ కట్టడం నా పని. 2010 నుంచి 2021 దాకా హొస రోడ్డు దగ్గర ఒక రో హౌసులో, వరుసలో నాలుగో ఇంట్లో, కాపురం ఉన్నాను. ఈ రకం ఇంటిని టేపు పట్టుకుని బయటి నుంచీ చూశాను, చీపురు పట్టుకుని లోపలి నుంచీ చూశాను.

మీ అన్నయ్యగారి మాటలోనే అసలు తిరకాసంతా ఉంది. ఇల్లు నేలమీద ఉండటం వేరు, ఆ నేల మీ పేరున ఉండటం వేరు. బెంగళూరులో రో హౌసులు రెండు రకాలుగా అమ్ముతారు. మొదటి రకంలో భూమిని లేఔటుగా విడగొట్టి, మీ ఇల్లు నిలబడిన ముక్కను, మీ విషయంలో బహుశా 18 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, విడిగా మీకు రాసిస్తారు. దస్తావేజులో ఆ ముక్కకు సైటు నంబరు, కొలతలు, నాలుగు దిక్కులా హద్దులు ఉంటాయి. ఇక్కడి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దాన్ని చెక్కుబందీ అంటారు. రెండో రకంలో ఆ ఎకరం 10 గుంటలూ 36 ఇళ్ళవాళ్ళకూ ఉమ్మడి. మీకు వచ్చేది అందులో విడదీయని వాటా, అందరూ యూడీఎస్ అనేది అదే. ఫ్లాటు కొన్నవాళ్ళకు దక్కేదీ ఇదే. రెండో రకం రో హౌసు అంటే పక్కకు పడుకోబెట్టిన అపార్టుమెంటు. రంగుల కాగితాల మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, గుమ్మం ముందు అదే గడ్డి, అదే సైకిలు, అదే నవ్వే పాప.

తేడా తెలిసేది ఒప్పందం చివరి పేజీల్లో. ముసాయిదా అడిగి తీసుకోండి. ఇవ్వడానికి సణిగితే అదీ ఒక జవాబే. ఆస్తి వివరాలు రాసే భాగాన్ని షెడ్యూలు అంటారు. షెడ్యూలు ఎ అని మొత్తం భూమి, బి అని అందులో మీ విడదీయని వాటా, సి అని ఇల్లు, ఇలా మూడు ఉంటే అది రెండో రకం. సైటు నంబరు వేసి "తూర్పున రోడ్డు, పడమర ఫలానా సైటు, ఉత్తరాన, దక్షిణాన ఫలానా సైట్లు" అని మీ ఒక్క ఇంటికే హద్దులు రాసి ఉంటే మొదటి రకం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 1,089 చదరపు అడుగులు. ఎకరం 10 గుంటలంటే 54,450 చదరపు అడుగులు. 36 ఇళ్ళకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి 1,512 రావాలి. మీకు చెప్పింది 900. అంటే 36 ఇళ్ళకూ కలిపి 32,400. మిగిలిన 22,050 చదరపు అడుగులు ఎక్కడ ఉన్నాయి? మొదటి రకమైతే జవాబు సులువే, రోడ్లు, పార్కు. లేఔటు అనుమతిలో ఆ రోడ్లనూ పార్కునూ స్థానిక సంస్థకు రాసిచ్చేస్తారు. రాసిచ్చాక ఆ రోడ్డు ఊరందరిదీ అవుతుంది కాబట్టి, గేటుకు గార్డును పెట్టి వచ్చేపోయేవాళ్ళను ఆపే హక్కు గట్టిది కాదన్నది గుర్తుపెట్టుకోండి. గేటు కోసమే ఎక్కువ డబ్బు పెడుతున్నవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండో రకమైతే మీ వాటా 1,512 ఉండాలి. 900 మాత్రమే రాసిస్తే ఆ 22,050 బిల్డరు పేరునో, భూమి ఇచ్చిన రైతు కుటుంబం పేరునో మిగిలిపోతుంది. ఊరికే ఉండిపోతే పరవాలేదు. ఒకసారి రుణం పని మీద ఇలాంటి చోటికే వెళ్ళాను. ఎనిమిదేళ్ళుగా పిల్లలు బ్యాడ్మింటన్ ఆడుకుంటున్న స్థలంలో పునాదుల గుంటలు తవ్వి ఉన్నాయి. ఆ స్థలం ఎవరి వాటాలోనూ కలపలేదు, భూమి యజమాని కొడుకులు వచ్చి కట్టుకుంటున్నారు. అక్కడి కాపురస్థులు కోర్టుకు వెళ్ళారు. నేను వెళ్ళిన రోజున నెట్టు కట్టే ఇనుప గొట్టం ఒకటి మట్టి కుప్ప మీద పడి ఉంది, అంతే గుర్తు.

కాబట్టి ఆదివారం బిల్డరు మనిషికి ఫోను చేస్తే డబ్బు సంగతి ఎత్తకండి. 22,050 చదరపు అడుగులు ఎవరి పేరున ఉన్నాయని అడగండి.

ఇప్పుడు విలువ. మేం విలువ కట్టేటప్పుడు భూమిని, కట్టడాన్ని విడదీసి చూస్తాం. పక్క లేఔటులో సైట్లు చదరపు అడుగు 7,000కు పోతున్నాయని మీరే రాశారు. 900 అడుగులకు 63 లక్షలు. కట్టుబడి ఓ మాదిరి నాణ్యతకు చదరపు అడుగు 2,300 వేసుకుందాం. 1,950కి దాదాపు 45 లక్షలు. రెండూ కలిపి కోటీ 8 లక్షలు. అడుగుతున్నది కోటీ 65. మధ్యలో ఉన్న 57 లక్షల్లో రోడ్లు, కాంపౌండు, అనుమతులు, బిల్డరు కట్టిన వడ్డీ, లాభం, ప్రకటనలు, ఏజెంటు కమీషను ఉన్నాయి. ఇది మోసమని అనను, వ్యాపారం వ్యాపారమే. కానీ కట్టడం విలువ ఏటా తరుగుతుంది. కాంక్రీటు ఇంటికి 60 ఏళ్ళ ఆయుష్షు, చివర్లో 10 శాతం మిగులు అనుకుని ఏడాదికి ఒకటిన్నర శాతం చొప్పున తీసేస్తాం, మీ ఇంటికి అది ఏడాదికి 67,000 చిల్లర. పెరిగేది భూమి ఒక్కటే. 63 లక్షల భూమి దాదాపు రెట్టింపైతే గాని నా లెక్క ప్రకారం మీ కోటీ 65 నిలబడదు. మీ అన్నయ్యగారు చెప్పే "భూమి పెరుగుతుంది" నిజమే, ఎంత భూమి అన్నదే ప్రశ్న.

చేతిలోని 45 లక్షల సంగతికి వద్దాం, ఎందుకంటే మీరు వేసిన లెక్కలో ఒక పెద్ద రంధ్రం ఉంది. రుణం 75 లక్షలు దాటితే ఆస్తి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువ నాలాంటివాడు కట్టినదీ మీరు కొన్న ధరా చూసి, తక్కువదాని మీద లెక్కిస్తారు. మీ ధరే ఒప్పుకున్నా రుణం కోటీ 23 లక్షల 75 వేలు. మీరు పెట్టాల్సింది 41 లక్షల 25 వేలు. అక్కడికి 45 సరిపోయిందని మీరు ఆగిపోయారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం (2025 ఆగస్టు చివరి దాకా ఇది 1 శాతమే ఉండేది), అన్నీ కలిపి పన్నెండున్నర లక్షలు. దీన్ని రుణంలో కలపరు. ఓసీ రాని ఇంటికి జీఎస్టీ 5 శాతం, అంటే ఎనిమిదింపావు లక్షలు. మొత్తం 62 లక్షలు. ఇంట్లో ఒక ఫ్యాను కూడా బిగించకుండానే మీకు 17 లక్షలు తక్కువ.

ఆ జీఎస్టీ దగ్గరే ఆదివారం గొడవ ఏమిటో అర్థమవుతుంది. ఓసీ వచ్చిన తర్వాతే డబ్బంతా కడితే జీఎస్టీ లేదు. ఓసీకి ముందు కొంత కట్టినా పన్ను పడుతుంది. నెల రోజుల్లో ఓసీ ఖాయమైతే, నెల ఆగితే మీకు ఎనిమిదింపావు లక్షలు మిగులుతాయి కదా, మరి ఈ ఆదివారమే ఎందుకు? "ఓసీ కాగితం చూశాకే ఒప్పందం" అని చెప్పి ఆయన ముఖం చూడండి. పైగా ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకు వచ్చిన రెరా చట్టం 13వ సెక్షను ప్రకారం, రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మీ ఇంటికి అది పదహారున్నర లక్షలు. 25 లక్షలు అడగడమే తప్పు. 36 ఇళ్ళున్న ప్రాజెక్టు కాబట్టి రెరా నమోదు తప్పనిసరి. కర్ణాటక రెరా వెబ్‌సైటులో నంబరు కొడితే ఆమోదించిన ప్లాను, పూర్తి చేస్తామని చెప్పిన తేదీ, భూమి పత్రాలు కనిపిస్తాయి. 1,950 అన్నది సూపర్ బిల్టప్పా (గోడలు, ఉమ్మడి చోట్లు కలిపిందా), కార్పెట్ ఏరియానా (గోడల లోపల వాడుకునే నేల మాత్రమేనా) అన్నదీ అక్కడే తేలుతుంది. కారు నిలిపే చోటును, మేడ మీది వరండాను కలిపి 1,950 చేశారేమోనని నా అనుమానం.

నెలవాయిదా: కోటీ 23 లక్షల 75 వేలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్ళకు నెలకు లక్షా 7 వేల 400. మొదటి నెల వాయిదాలో 87,650 వడ్డీకే పోతుంది. ఇప్పుడు మీరు కడుతున్న అద్దె 48,000. అద్దె వృథా, వాయిదా పొదుపు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలు గుర్తొస్తాయి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా కాపురమున్న ఇంటి వడ్డీకి మినహాయింపు కూడా లేదు.

డబ్బు చాలు. ఆ ఇంట్లో బతకడం గురించి రాస్తాను, దీని గురించి ఎవరూ చెప్పరు.

అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, మెట్టు 7 అంగుళాలు. అంతస్తుకు 18 మెట్లు, మూడో అంతస్తుకు 36. మీరు చూసి మురిసిపోయే రోజున మెట్లు అందంగా ఉంటాయి, స్టీలు రెయిలింగు, గ్రానైటు. తర్వాత ఆరిన బట్టల బుట్ట, పాప పుస్తకాల సంచి, నీళ్ళ సీసా, ఫోను చార్జరు, అన్నీ ఆ మెట్ల మీదే తిరుగుతాయి. కుక్కరు కింద కూస్తుంది, మీరు పైన మీటింగులో ఉంటారు. కుర్రవాళ్ళకు ఇది వ్యాయామం అనుకుందాం. మా అమ్మ తాడిపత్రి నుంచి వచ్చి మాతో ఉండేది. ఆమె కోసమే మూడో అంతస్తులో, సూర్యుడు పడేలా దేవుడి గది చేయించాను, పాలరాయి, చిన్న గంట. మూడో ఏడు మోకాలు పట్టేసింది. ఆ తర్వాత ఆమె హాల్లో దివాను మీదే పడుకునేది, వంటింట్లో క్యాలెండరు మీది వెంకటేశ్వరుడికే దీపం పెట్టుకునేది. పై గదిలో గంటకు దుమ్ము పట్టింది.

మీ ప్లానులో కింది అంతస్తులో మంచం, దానికి ఆనుకుని స్నానాల గది ఉన్నాయా? 18 అడుగుల వెడల్పులో కారు, మెట్లు, హాలు, వంటిల్లు పోగా మిగిలేది తరచుగా ఎనిమిదడుగుల గది, దాన్ని అతిథి గది అంటారు. మంచం వేశాక అలమర తలుపు తెరుచుకుంటుందో లేదో టేపుతో కొలవండి. "లిఫ్టుకు చోటు వదిలాం" అంటే నమ్మకండి. శ్లాబులో రంధ్రం, కింద గుంట, పైన ఎత్తు స్ట్రక్చరల్ డ్రాయింగులో గీసి ఉంటేనే అది లిఫ్టు చోటు, లేకపోతే అది చీపుర్లు పెట్టుకునే అలమర.

తర్వాత ఉమ్మడి గోడ. రెండు ఇళ్ళ మధ్య ఒక అంగుళం ఖాళీ వదిలి, అందులో థర్మోకోలు పలకలు పెడతారు, ఎండకు కాంక్రీటు వ్యాకోచించినా పగలకుండా. దాన్ని ఎక్స్‌పాన్షన్ జాయింటు అంటాం. మేడ మీద ఆ సందు పైన ఒక మూత ఉంటుంది. 2015 నవంబరు వానల్లో మా మెట్ల మలుపు దగ్గర గోడ మీద అరచేయంత మచ్చ కనిపించింది. వారంలో రంగు అప్పడంలా ఉబ్బింది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి, వెనక గోడ తడి ఇసుకలా ఉంది. పక్కింటివాళ్ళు కొత్త నీళ్ళ ట్యాంకు పెట్టించేటప్పుడు మేస్త్రీ ఆ మూతను పగలగొట్టి, పైపు పక్కన సిమెంటు మెత్తి వెళ్ళిపోయాడు. నేను సివిల్ ఇంజినీరునే, కారణం పది నిమిషాల్లో తెలిసింది. బాగుచేయించడానికి 14 నెలలు పట్టింది.

ఎందుకంటే పక్కింటి యజమాని సింగపూరులో ఉంటాడు. అద్దెకున్నవాళ్ళ దగ్గర మేడ తాళం లేదు. సంఘంవాళ్ళు అది మీ ఇళ్ళ లోపలి విషయం అన్నారు. బిల్డరు ఫోనెత్తలేదు. రెండు వైపులా ఒకేసారి విప్పి పని చేస్తేనే నీళ్ళు ఆగుతాయి, ఒకవైపు చేస్తే ఇంకోవైపు నుంచి వస్తాయి. చివరికి రెండు వైపుల ఖర్చూ నేనే పెట్టుకున్నాను. అపార్టుమెంటులో బయటి గోడ, పై శ్లాబు సంఘానివి, నెలకోసారి పోట్లాడటానికైనా ఒక మనిషి ఉంటాడు. రో హౌసులో ఆ ఒక్క అంగుళం సందు ఎవరిది? దస్తావేజులోగానీ, సంఘం నియమావళిలోగానీ ఉమ్మడి గోడ, ఆ సందు, మేడ మీది మూత, పక్కింటి మేడ ఎక్కి పని చేయించుకునే హక్కు, వీటి గురించి ఒక పేరా ఉందేమో చూడండి. లేకపోతే రాయించండి. మా ఇల్లు చేతికొచ్చిన రోజుల్లో రెరా లేదు. ఇప్పుడు ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళలో కట్టడంలో లోపం బయటపడితే, మీరు చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. ఆ 5 ఏళ్ళలో కనీసం నాలుగు వానాకాలాలు మీ మెట్ల గోడను గమనించండి.

శబ్దానికి ఒక పరీక్ష చెబుతాను. ఈసారి వెళ్ళినప్పుడు మీవారిని పక్కింట్లోకి పంపి, పడకగది గోడ మీద రెండు సార్లు తట్టమనండి, బాత్రూములో ఫ్లష్ లాగమనండి. మీరు ఇవతల గోడకు తల ఆనించకుండా, మంచం ఉండే చోట నిలబడి వినండి. మాకు పక్కింటి మిక్సీ ఉదయం ఆరున్నర అలారం.

వాస్తు సంగతి. నాకు పెద్ద నమ్మకం లేదు, కానీ రేపు మీ దగ్గర కొనేవాడికి ఉంటుంది. రో హౌసులను పైపుల ఖర్చు తగ్గించడానికి అద్దంలో బొమ్మల్లా కడతారు, ఒక ఇంటి బాత్రూము గోడకు అవతల పక్కింటి బాత్రూము. తూర్పు ముఖం ఇంట్లో వంటగది ఆగ్నేయంలో పడితే, జంటగా ఉన్న పక్కింట్లో అది ఈశాన్యంలో పడుతుంది. రెండు ఇళ్ళనూ "తూర్పు ముఖం" అనే అమ్ముతారు, ధరా ఒకటే. మీది ఏ జంటలో ఎటువైపుది? ఇక వరుస మధ్యలో ఇళ్ళకు ముందు, వెనక తప్ప కిటికీలుండవు. లోతైన ఇంటి నడుమ భాగంలో మధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి. మెట్ల పైన అద్దం కప్పు ఉంటే కొంత నయం. చివరి ఇల్లయితే మూడో వైపు వెలుతురు వస్తుంది, పోరూ ఒకవైపే.

2021లో మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్నది నాకు అనుభవంలో తెలిసింది. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళకు విలువ కట్టే నేను, మా ఇంటికి వేరొకరు విలువ కడుతుంటే హాల్లో నిలబడి వినాల్సి వచ్చింది. 9 నెలలు పట్టింది. వచ్చినవాళ్ళలో సగం మంది మధ్య గదిలో లైటు స్విచ్చి వేసి, మళ్ళీ ఆపి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. అదే వరుసలో చివరి ఇల్లు ఆరు వారాల్లో పోయింది, నాకన్నా మంచి ధరకు.

నీళ్ళ గురించి తొందరగా చెబుతాను. 2024 వేసవిలో ఈ నగరం పడ్డ అవస్థ మీరు మారతహళ్ళిలో చూసే ఉంటారు. ఆ అక్టోబరులో ప్రారంభమైన కావేరి అయిదో దశ నీళ్ళు, 2007లో నగరపాలికలో కలిసిన 110 గ్రామాల కోసం. దొమ్మసంద్ర ఆనేకల్ తాలూకా, పంచాయతీ పరిధి. అక్కడ మీ ఆధారం బోరు, ట్యాంకరు. పక్కనున్న పాత లేఔటుకు వెళ్ళి, ఏప్రిల్ నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో గార్డును అడగండి, బిల్డరును కాదు. మురుగునీటి శుద్ధి యంత్రం, గార్డులు, జనరేటరు, వీటి ఖర్చు 300 ఫ్లాట్లు పంచుకోవడం వేరు, 36 ఇళ్ళు పంచుకోవడం వేరు. మొదటి ఏడాది బిల్డరు చెప్పే నిర్వహణ రుసుమును ఎవరూ నమ్మరు, మీరూ నమ్మకండి.

కాగితాల పని లాయరుకు అప్పగించండి, బిల్డరు చూపించిన లాయరుకు కాదు. ఆయన చూడాల్సినవి: మూల దస్తావేజు నుంచి ఇప్పటిదాకా గొలుసు, పహాణీలు, వ్యవసాయ భూమిని ఇళ్ళ స్థలంగా మార్చిన ఉత్తర్వు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ ఇచ్చిన ప్లాను ఆమోదం. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉన్న ప్లానుతో 36 ఇళ్ళు కట్టి ఉంటే అక్కడే ఆగిపోండి. పంచాయతీ ఆస్తి రికార్డైన ఈ-స్వత్తు పత్రం 11ఎ ఉందా, 11బి ఉందా అన్నది చూసుకోండి, బి అంటే నిబంధనలకు లోబడని ఆస్తి. ఓసీని తేలిగ్గా తీసుకోకండి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పత్రం చూశాకే బ్యాంకులు రుణాలివ్వాలని, విద్యుత్తు, నీటి కనెక్షన్లు కూడా అప్పుడే ఇవ్వాలని చెప్పింది. గ్రామ పటం తెప్పించి రాజకాలువ, అంటే వాననీళ్ళు పోయే పెద్ద కాలువ, ఎటు పోతుందో చూడండి. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, యమలూరు వైపు ఖరీదైన ఇళ్ళలోంచి జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. కాలువ దారికి అడ్డంగా కట్టిన చోట ఇంటి ఖరీదును నీళ్ళు అడగవు. మెట్రో వస్తుందన్న మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి, హెబ్బాళ్ నుంచి సర్జాపురకు ప్రతిపాదించిన లైను ఇంకా కాగితం మీదే ఉంది.

వర్తూరు ఫ్లాటు గురించి మీరు రెండు వాక్యాలే రాశారు, కాబట్టి నేనూ ఎక్కువ చెప్పను. ఒకే అంతస్తు, లిఫ్టు, పడకగది తలుపు తీస్తే వంటిల్లు, మీ మామగారికి మోకాలి నొప్పి వచ్చిన రోజున ఇల్లు మారాల్సిన పని లేదు. భూమి వాటా చిన్నదే. కానీ అద్దెకు ఇవ్వడం, అమ్మడం రో హౌసుకన్నా సులువు.

నన్ను సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెబుతున్నాను: ఈ ధరకు, ఈ కాగితాలతో, మీ చేతిలో ఉన్న డబ్బుతో నేనైతే ఈ ఇల్లు కొనను. విడి హద్దులతో సైటు మీ పేరున వచ్చి, ఓసీ చేతికి వచ్చి, కింద పెద్దవాళ్ళకు సరైన పడకగది ఉండి, ధర కోటీ 45 దగ్గరికి దిగితే అప్పుడు ఆలోచిస్తాను, అదీ పదేళ్ళు అక్కడే ఉండాలని మీరిద్దరూ అనుకుంటేనే. రో హౌసు అంటే నాకు విరక్తి అనుకోకండి. సాయంత్రం గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటుంటే, పిల్లలు గేటు దగ్గర నుంచి అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చేవారు. ఆ పదకొండేళ్ళలో దొరికిన ఆ ఆనందం ఫ్లాటులో దొరకదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మీకు ఇంకో దారి చూపిస్తున్నాను. ఆ వైపు అలాంటి ఇళ్ళు 55,000కు అద్దెకు దొరుకుతున్నాయని మీరే రాశారు. ఇప్పటి అద్దెకన్నా 7,000 ఎక్కువ. 11 నెలలకు ఒకటి తీసుకుని దిగండి. అత్తగారు, మామగారు వచ్చే ఆరు నెలలు అందులోనే గడుస్తాయి. ఒక వానాకాలం, ఒక ఏప్రిల్, పాప బడి బస్సు, మీ ఆఫీసు ప్రయాణం, అన్నీ అనుభవంలోకి వస్తాయి. అంతవరకు 45 లక్షలు 45గానే ఉంటాయి, కొంచెం పెరుగుతాయి కూడా.

షెడ్యూలు పేజీలు వస్తే పేర్లు, సర్వే నంబర్లు కప్పేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఇంకొకటి, 36లో మీది వరుస చివరి ఇల్లా, మధ్యదా అన్నది మీరు రాయలేదు. అది కూడా రాయండి.